నూట అరవై మూడు మంది ఒక్కరైన రోజు

ఇరవై తొమ్మిదేండ్ల వయసుకే రిటైర్ అయిన. మా అమ్మ దీన్ని "జాబ్ ఇడిసిపెట్టుడు" అంటది. నేను రిటైర్మెంట్ అనే అంట, ఎందుకంటే మళ్ళ ఆ పనికి పోను. ఐదేండ్లు చేసిన. సిటీకి రాబోయే ముప్పై ఏండ్ల ప్లాను తయారు చేస్తుంటే, గల్లీ గల్లీ తిరిగి జనం ఏమంటున్నరో రాసుకొచ్చే పని. పని సర్కారుది, జీతం కన్సల్టెన్సీది, తిట్లు మాత్రం నావి.

మొన్న ఇద్దరు పిల్లలు మెసేజ్ పెట్టిన్రు. "అక్క, మేము గదే పనిల జాయిన్ అయితున్నం, ఎట్లుంటది?" అని. వాయిస్ నోట్ మొదలువెట్టిన. పదకొండు నిమిషాలైనా తిట్టుడే అయిపోలే. అందుకే రాస్తున్న. ఫోన్లనే రాస్తున్న, తప్పులుంటే అడ్జస్ట్ చేస్కోండి.

అసలు పని ఏందంటే

ఇంటర్వ్యూల "ప్రజల భాగస్వామ్యం" అంటరు. వినడానికి మస్తుంటది. అసలు పని ఏందంటే: ఫంక్షన్ హాల్ తాళంచెవి ఎవరి దగ్గరుందో దొరకబట్టుడు, మైక్ కుయ్యిమనకుండ చూస్కొనుడు, పదింటికని పిలిస్తే పదకొండున్నరకొచ్చే జనానికి సమోసాలు చల్లగ కాకుండ కాపాడుడు.

ఇంక స్టిక్కర్ కాగితాలు. పసుపుపచ్చది "కల"కు, ఆకుపచ్చది "ఆశ"కు. ఎవరు కనిపెట్టిన్రో గానీ వాళ్ళను ఒక్కసారి కలవాలని నా కోరిక. నారాయణగూడ మీటింగ్‌ల ఒకాయన రెండు కాగితాలు రెండు చేతుల్ల పట్టుకోని అడిగిండు: "కలకూ ఆశకూ ఫరక్ ఏందమ్మా?"

"కల జర పెద్దది సర్," అన్న.

"అయితే నాది ఆశే. మా గల్లీకి చెత్తబండి రావాలె," అని ఆకుపచ్చది అతికించి, రెండు సమోసాలు తీస్కొని పోయిండు.

చిక్కడపల్లి మీటింగ్‌ల అయితే ఇంకా ఘోరం. స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతోని "ముప్పై ఏండ్ల తర్వాత మీ నగరం ఎట్లుండాలె?" అని వేసినం. ఒక పెద్దమ్మ లేసి, "ముప్పై ఏండ్ల సంగతి తర్వాత బిడ్డా. మా గల్లీల మ్యాన్‌హోల్ మూత పోయి ఆర్నెల్లైంది. మా ఆయన స్కూటర్ తీసిండంటే నేను దేవునికి దండం పెట్టుడే," అన్నది. హాలంత చప్పట్లు.

మా బాస్ వివేక్ సర్ నా చెవుల మెల్లగ అన్నడు: "ఇది విజన్ కాదు, కంప్లైంట్. పక్కకు రాయి."

పక్కకు రాసిన. రెండేండ్లు గట్లనే పక్కకు రాసిన. ఒకరోజు చూస్తే పక్కకు రాసిన నోట్‌బుక్ అసలు రిపోర్ట్ కన్న లావుగ ఉంది. మీకు ముందే చెప్తున్న: ఆ నోట్‌బుక్ ఎవ్వరికీ ఇయ్యకండి, పడెయ్యకండి.

మా బాస్ గురించి, న్యాయంగ

వివేక్ సర్‌ను ఐదేండ్లు తిట్టుకున్న. పొద్దున తొమ్మిదింటికి "పెద్ద చిత్రం చూడు మౌనికా" అని మెసేజ్ పెడ్తడు. పెద్ద చిత్రమంటే ఆయన లాప్‌టాప్‌ల ఉండే మ్యాప్. ఆ మ్యాప్‌ల అశోక్‌నగర్ బొటనవేలు గోరంత. ఆ గోరుల ఎన్ని హాస్టళ్ళు, ఒక్కొక్క హాస్టల్ల ఎంతమంది, పొద్దున ఎన్నింటికి బాత్రూం కాడ లైన్ మొదలైతది, అవన్ని మ్యాప్‌ల కనవడవు.

కానీ ఒక్కటి మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్న. మీటింగ్ మొదలైనంక మొదటి పది నిమిషాలు మైక్ జనానికే ఇచ్చెయ్యాలె. నువ్వు మాట్లాడొద్దు, సమాధానం చెప్పొద్దు, మొఖం మాడ్చుకోవద్దు. వాళ్ళ కోపం పోయినంకనే అసలు మాట వస్తది. నాకు ఇది కష్టం. నాకే కోపం ముందొస్తది. కానీ ఆయన చెప్పింది కరెక్ట్.

కృష్ణమూర్తి గారు

మీరు ఏ ఏరియాకు పోయినా ఒక కృష్ణమూర్తి గారు ఉంటరు. మాకు దొరికినాయన అశోక్‌నగర్‌ల ఉంటడు. వాళ్ళ నాన్నగారి కాలంల కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఈడనే స్థిరపడ్డ కుటుంబం. ఈయన ఒక పెద్దాఫీసుల సూపరింటెండెంట్‌గ చేసి ఎప్పుడో రిటైర్ అయిండు. ఇస్త్రీ చొక్కా, చేతుల గుడ్డ సంచి, అందుల ఫైలు. ప్రతి మీటింగ్‌కు అందరికన్న ముందొచ్చి ముందు వరుసల కూసుంటడు.

ఆయనది ఒక్కటే బాధ. హాస్టళ్ళకొచ్చే బండ్లన్ని ఆయన గేటు ముందే పెడ్తరు. కారు బయటికి తీయాలంటే నాలుగు బైకులు జరపాలె. కారుకు గీతలు పడ్డయి. అందుకే ఆ గల్లీ చివర్ల ఉన్న పాత వార్డు హాలు కూలగొట్టి పార్కింగ్ కట్టాలె అని ఉత్తరం రాసిండు. ఇంకోటి రాసిండు. ఒకసారి ట్రాఫిక్ గురించి, ఒకసారి అంబులెన్స్ గురించి, ఒకసారి వర్షం నీళ్ళ గురించి మొదలువెడ్తడు. ఆఖరికి అన్నీ పార్కింగ్ దగ్గరికే వస్తయి. మొత్తం పదకొండు.

నాకు ఫోన్ కూడ చేస్తడు. "ఏమ్మా, నా ఏడో ఉత్తరం అందిందా? అందినట్టు ఒక ముక్క రాసివ్వకూడదూ?"

"అందింది సర్."

"నోటితో చెబితే ఎలాగమ్మా? కాగితం ఉండాలి."

ఆయన నంబర్ నా ఫోన్ల "ఎత్తకు" అని సేవ్ చేసుకున్న. నిజంగ.

ఆ హాలు

గల్లీ చివర్ల పాత వార్డు హాలు. కింద గది, పైన రేకులు, ఏడు బల్లలు, మూడు ఫ్యాన్లు. రెండు తిరుగుతయి. లైబ్రరీల సీటు దొరకని పిల్లలు ఈడ వంతులేసుకోని, బల్లల కాడ కొందరు, కింద కొందరు కూసోని చదువుతరు. గ్రూప్ పరీక్షలకు ప్రిపేర్ అయ్యేటోళ్ళు. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళల్ల ఉంటున్నోళ్ళు. తాళం ఒకరి దగ్గర, ఊడ్చుడు వంతులవారీగ, మాట్లాడితే బయటికి పొమ్మంటరు.

స్వరూప అని ఒక పిల్ల ఆ హాలుకు పెద్దదిక్కు లెక్క. మహబూబాబాద్ దిక్కు ఊరు. నాలుగో ఏడాది ప్రిపరేషన్. నేను సర్వేకు పోయినప్పుడు నా ఫోన్ మోగింది. తలకాయ ఎత్తకుండనే, "అక్క, సైలెంట్‌ల పెట్టు, లేకపోతే బయటికి నడువు," అన్నది. నాకు కోపమొచ్చింది, నచ్చింది కూడ.

బయట మెట్ల మీద మాట్లాడుకున్నం. ప్లాను మ్యాప్‌ల ఈ హాలు జాగల పార్కింగ్ అని గీసి ఉందని చూపించిన. ఆ పిల్ల మొఖం తెల్లబోయింది.

"అయితే మేమెక్కడ కూసోవాలె?"

"అందుకే అభిప్రాయం రాయండి. ఆన్‌లైన్ల ఫారం ఉంది. ఎంతమంది రాస్తే గంత బలం."

"రాస్తే లెక్కల్లకొస్తదా అక్క? ఉత్తగనే రాపించుకోని పోతరా?"

"వస్తది. నాది గ్యారంటీ," అన్న.

ఈ మాట ఈ పనిల ఎప్పుడూ అనకండి. నేనన్న.

నా తప్పు

వారంల హాలు పిల్లలు నూట అరవై మూడు మంది ఫారం నింపిన్రు. నేను మస్తు ఖుషీ అయిన. తెరిచి చదవలే. చదవాల్సుండె.

మా దగ్గర ఒక రూలు. ఒకే మాటలు మళ్ళ మళ్ళ వస్తే ఒకటి ఉంచి మిగిలినవి తీసెయ్యాలె. లీడర్లు మనుషులను పెట్టి ఒకే మెసేజ్ వందసార్లు పంపిస్తరు గద, దాన్ని ఆపడానికి పెట్టిన రూలు. మంచి రూలే. ఆ రోజు నేను హిమాయత్‌నగర్ ట్రాఫిక్‌ల ఆటోల ఇరుక్కోని, ఫోన్ల షీట్ తెరిచి, ఆ తీసివేత బటన్ నొక్కిన. "తీసెయ్యాల్నా?" అని అడిగింది. "అవును" నొక్కిన. ఎన్ని పోయినయో కూడ చూడలే. ఆటోఆయన అప్పుడే బస్సాయనతోని లొల్లి పెట్టుకుంటుండె, నేను అది చూస్తున్న.

పదిహేను రోజులకు ముసాయిదా ప్లాను వచ్చింది. అశోక్‌నగర్ పేజీ తీసిన. పార్కింగ్ కావాలన్న అభిప్రాయాలు: పదకొండు. చదువుకునే హాలు ఉంచాలన్నవి: ఒకటి.

దిమాక్ ఖరాబైంది. పాత షీట్ తెరిచి చూసిన. నూట అరవై మూడు మంది ఒక్క అక్షరం తేడా లేకుండ ఒకే జవాబు రాసిన్రు. "ఉపోద్ఘాతం: నేటి శీఘ్ర నగరీకరణ నేపథ్యంలో జ్ఞాన సమాజ నిర్మాణం అత్యావశ్యకం." తర్వాత నాలుగు పాయింట్లు. తర్వాత "ముగింపు: కావున ప్రభుత్వం సత్వర చర్యలు చేపట్టవలెను."

కోచింగ్‌ల చెప్తరు గద, మోడల్ ఆన్సర్ ఎంత మంచిగ దించితే అంత మార్కులు. వీళ్ళు నలుగురు కూసోని మోడల్ ఆన్సర్ తయారుచేసి, హాలంత దించిన్రు. తాము ఆ హాల్ల చదువుకుంటున్నమని ఒక్కరన్న రాయలే! ఆఖరికి "నేను" అన్న మాటే లేదు.

కృష్ణమూర్తి గారి పదకొండు ఉత్తరాలు మాత్రం దేనికదే వేరే మాటలు. అందుకే పదకొండూ నిలబడ్డయి.

వివేక్ సర్‌కు చెప్పిన. ఆయన, "రూల్ ప్రకారమే చేసినవ్ కద. ముసాయిదా ప్రింట్ అయిపోయింది. అభ్యంతరాలకు ఇంకా నాలుగు రోజులుంది, ఆన్‌లైన్ మూసేసినం, కాగితం మీద ఇయ్యమను. నువ్వు మాత్రం ఇందుల ఏలుపెట్టకు," అన్నడు.

ఏలుపెట్టిన.

మళ్ళ రాయించుడు

హాలుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పిన. నా తప్పని కూడ చెప్పిన. వెనుక బల్ల నుంచి ఒకడు, "అయితే మనకు మార్కులు పడలేదన్నట్టు," అన్నడు. ఒకరిద్దరు నవ్విన్రు. స్వరూప నవ్వలే.

"గ్యారంటీ అన్నవ్ గద అక్క."

"అన్న. తప్పైంది. ఇప్పుడు ఎవరిది వాళ్ళు రాయండి. కాగితం మీద."

"ఏ ఫార్మాట్ల?"

నాకు మండింది. "ఫార్మాట్ ఏంది తల్లీ! నీకు ఈ హాలు ఎందుకు కావాలె? నాకు చెప్పు. నోటితోని చెప్పు."

పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, ఆఖరికి అన్నది: "మా రూంల నాలుగు మంచాలు. కాళ్ళు కిందికి పెట్టే జాగ లేదు. మంచం మీద చదువుతే నిద్రొస్తది. ఈడ బల్లుంది."

"గదే రాయి."

"గిది రాస్తరా ఎవరన్న? సర్కారుకు?"

"గిదే రాస్తరు."

మూడు రోజులు పట్టింది. నేను పొద్దున పోయి, రాసినవి చదివి, "నేపథ్యం" అని కనవడితే వాపస్ ఇచ్చేది. మెల్లగ వచ్చినయి. ఒకాయన: "అంబర్‌పేట్ల మేనమామ ఇంట్ల ఉంటున్న. పొద్దంత ఇంట్లనే ఉంటే అత్త ఏమనదు, కానీ గిన్నెలు గట్టిగ పెడ్తది." ఒక పిల్ల: "ఈ హాల్ల రెండో ఫ్యాన్ కింద సీటు నాది. అది వచ్చేటందుకు రెండేండ్లు పట్టింది." ఇంకొకరు ఒక్క లైనే: "ఈడ ఎవ్వరు ఇంకా రిజల్ట్ రాలేదా అని అడగరు."

నూట అరవై మూడు కాగితాలు. నా బ్యాగు పట్టలే.

ఆ మూడో రోజు మధ్యాహ్నమే కృష్ణమూర్తి గారి ఫోన్. కోపంల పేరు చూడకుండ ఎత్తిన.

"ఏమ్మా, పన్నెండో ఉత్తరం పంపాను. అందిందా?"

ఇంక నా నోరు ఆగలే. "సర్, మీరొక్కరే పదకొండు మంది అయిన్రు. ఆడ నూట అరవై మూడు మంది పిల్లలు కలిసి ఒక్కరైన్రు. పన్నెండోది కూడ కావాల్నా మీకు?"

"ఏవిటమ్మా నువ్వనేది? మెల్లిగా చెప్పు."

చెప్పిన. మెల్లిగ కాదు, అరుసుకుంటనే చెప్పిన, రేపు ఐదింటికి టపాల్ కౌంటర్ బంద్ అని కూడ. అంత విని, "నేను పదకొండు మందిని ఎలా అవుతానమ్మా? గుర్తు చేద్దామని రాశాను. ఇదేం లెక్క?" అని పెట్టేసిండు.

టపాల్ కౌంటర్

ఆఖరి రోజు. సర్కారు ఆఫీసుల ఉత్తరాలు తీస్కునే ఈ కౌంటర్ ఐదింటికి బంద్. రెండున్నరకు నేను, స్వరూప కాగితాలు తీస్కొని పోయినం. కౌంటర్ల సార్ పై కాగితం చూసి, "ఆధార్ జిరాక్స్?" అన్నడు. ఇచ్చినం. "ఇది మహబూబాబాద్ అడ్రస్. ఈ వార్డుది కావాలె."

"ఈ వార్డుల్నే ఉంటున్న సార్, నాలుగేండ్లైంది."

"కార్డుల లేదు గదమ్మా. అందరివి గిట్లనేనా? అయితే తీస్కోను."

నేను లొల్లి మొదలువెట్టిన. ఆన్‌లైన్ల అడగలేదు గద అన్న. అది వేరే సెక్షన్ అన్నడు. మీ ఆఫీసర్‌తోని మాట్లాడుత అన్న. మీటింగ్‌ల ఉన్నడన్నడు. వీడియో తీస్త అని ఫోన్ లేపిన. "తీస్కో," అని చాయ్ తాగుడు మొదలువెట్టిండు. స్వరూప నా చెయ్యి పట్టి గుంజింది. "ఇడువు అక్క. మావోళ్ళకు ఏం చెప్పాల్నో నేను ఆలోచిస్త."

గంతల వెనుక నుంచి, "ఆ నోటీసు ఎవరైనా చదివారా?" అని వినవడ్డది.

ఇస్త్రీ చొక్కా, గుడ్డ సంచి. కృష్ణమూర్తి గారు గోడ మీది నోటీసు మీద వేలు పెట్టి చదువుతున్నడు. "అభ్యంతరములను స్థానిక నివాసి స్వయముగా గానీ, స్థానిక నివాసి ద్వారా గానీ సమర్పించవచ్చును. ఏమండీ, 'ద్వారా గానీ' అని ఉందా, లేదా?"

కౌంటర్ల సార్ చాయ్ పక్కన పెట్టిండు. "ఉంది సార్."

"నేను స్థానిక నివాసిని. ఇదిగో నా కార్డు. వీళ్ళవి నా ద్వారా వస్తున్నాయి."

"అయితే అన్ని కలిపి మీ పేరు మీద ఒక కవరింగ్ లెటర్ ఇయ్యండి, ఒక నంబర్ ఏస్త."

"ఒక నంబరు వేస్తే మళ్ళీ ఒకటే అవుతుంది. అదేగా వచ్చిన తంటా! ఒక్కొక్క దాని మీద నేను సంతకం పెడతాను. ఒక్కొక్క దానికీ మీరు నంబరు వెయ్యండి."

"నూట అరవై మూడు సార్!"

"మీకు చెయ్యి నొప్పెడితే నాకూ పెడుతుంది. కానివ్వండి."

కుర్చీ గుంజుకోని కూసున్నడు. ప్రతి కాగితం మీద "నా ద్వారా" అని రాసి, సంతకం, కింద ఇంటి నంబర్. స్వరూప కాగితం తిప్పుతది, ఆయన పెడ్తడు, కౌంటర్ల సార్ ఠక్కుమని స్టాంప్ కొడ్తడు. నేను ప్రతి నంబర్ ఫోన్ల ఫోటో తీసిన. మధ్యమధ్యల ఆయన చదువుతున్నడు. గిన్నెలు గట్టిగ పెట్టే అత్త కాగితం కాడ ఆగి, "పాపం," అన్నడు. "ఫ్యాను బాగుచేయించుకోవచ్చుగా మూడోది?" అన్నడు.

నూరు దాటినంక ఆయన పెన్ను పక్కన పెట్టి వేళ్ళు విదిలించుకున్నడు. స్వరూప, "తాతగారూ, జర ఆగండి," అంటే, "టైమెంతైంది?" అన్నడు. నాలుగు ఇరవై. ఆగలే.

ఆఖరి స్టాంప్ పడేటప్పటికి ఐదుకు ఆరు నిమిషాలు తక్కువ. ఆయన సంచి నుంచి ఇంకో కాగితం తీసి కౌంటర్ మీద పెట్టిండు.

"ఇది నా పన్నెండో ఉత్తరం, మార్చి మళ్ళీ రాశాను. పార్కింగు కోసం. దీనికీ నంబరు వెయ్యండి. నా పాత పదకొండూ ఒకటిగానే చూడమని అందులో రాశాను." నా దిక్కు తిరిగి, "నేను మీ హాలుకి వ్యతిరేకమేనమ్మా, గుర్తుంచుకో," అన్నడు.

ఆఖరికి

వివేక్ సర్‌కు ఎవరో చెప్పిన్రు. ఎందుకు ఏలుపెట్టినవని అడిగిండు. నా తప్పుకు నేను పోయిన అన్న. మాట మాట పెరిగింది. నేనే రాజీనామా పెట్టిన. ఆయన ఆపలే, నేను ఆగుత అనుకోలే.

అసలు ప్లాను ఆర్నెల్లకు వచ్చింది. బస్సుల ఉన్న. ఫోన్ల తెరిచి అశోక్‌నగర్ పేజీకి పోయిన. వార్డు హాలు ఎదురుంగ ఒక్క లైన్: "ప్రస్తుత వినియోగం కొనసాగును." పార్కింగ్ లేదు. కొత్త హాలు లేదు, ఏసీ లేదు, మూడో ఫ్యాన్ కూడ లేదు. ముప్పై ఏండ్ల ప్లానుల ఐదేండ్లు పనిచేస్తే నా చేతిల నుంచి పోయింది ఇదొక్కటే: ఉన్నదాన్ని ఉండనిచ్చుడు. నాకింకా కోపమే. నూట అరవై మూడు మంది, ఒక పెద్దమనిషి చెయ్యి, నా జాబు, ఇన్ని పెడితే గానీ ఏడు బల్లలు ఉన్నకాడ ఉండలే.

కొత్తగ పోయేటోళ్ళకు నేను చెప్పేది ఇంతే. వచ్చింది చదవండి. బటన్ నొక్కే ముందు చదవండి. ఆటోల నొక్కకండి.

మొన్న హాలుకు పోయిన. స్వరూపకు పోయిన పరీక్షల నాలుగు మార్కులు తగ్గినయట. మళ్ళ రాస్తున్నది. అదే బల్ల. నేను ఎదురుంగ కూసున్న. గంతల నా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "ఎత్తకు" అని వచ్చింది. ఆయన కారుకు మళ్ళ గీత పడ్డట్టుంది.

హాలంత తలకాయలు లేసినయి. స్వరూప మాత్రం లేపలే.

"అక్క, బయటికి పోయి మాట్లాడు."

పోయి మాట్లాడిన.